ఎన్‌ఎస్‌ఎక్స్ మీద మోజు ఇంకా ఎందుకు తగ్గలేదు?

సందేహాలరావు

అందరికీ నమస్తే. కొట్టకుండా చదవండి ముందు. మొదటి తరం హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ స్పోర్ట్స్ కారు గురించి ఎక్కడ చూసినా భజనే కనిపిస్తోంది. అంకెలు చూస్తే మాత్రం నాకు ఎక్కడం లేదు. 3.0 లీటర్ల వీ6, 270 హార్స్‌పవర్, 100 అందుకోవడానికి 5 నుంచి 6 సెకన్లు. ఇవాళ పిల్లల్ని స్కూల్లో దింపే కార్లు కూడా ఆ పని చేసేస్తున్నాయి, ఎలక్ట్రిక్ అయితే ఇక చెప్పనక్కర్లేదు. పోర్షే 911 మీద పిచ్చి ఉందంటే అర్థం చేసుకోగలను, అరవై ఏళ్లుగా ఆపకుండా చేస్తూనే ఉన్నారు. ఇదేమో 2005లోనే ఆగిపోయింది. ఫార్ములా వన్ ఛాంపియన్ సెన్నా పేరు పుణ్యమా, లేక నిజంగా కారులోనే ఏమైనా ఉందా?

8000ఆర్పీఎం

కారులోనే ఉంది రావుగారూ, మీ సీటుకి సరిగ్గా వెనకాలే ఉంది. ఆ 270ని టర్బో పెట్టి తేలేదు, తిప్పి తెచ్చారు. రెడ్‌లైన్, అంటే ఇంజన్ తిరగగల హద్దు, నిమిషానికి 8000 చుట్లు. అంత వేగంగా తిరగాలంటే లోపల కదిలే భాగాలు తేలిగ్గా ఉండాలి కాబట్టి కనెక్టింగ్ రాడ్లు టైటానియంతో చేశారు, మామూలుగా అమ్మే కారులో అలా చేయడం అదే మొదటిసారి. 5800 దగ్గర వీటెక్ అందుకుంటుంది, అంటే వాల్వులను ఎక్కువ ఎత్తుకి, ఎక్కువసేపు తెరిచే క్యామ్ పనిలోకి వస్తుంది. అప్పటిదాకా మర్యాదగా మాట్లాడుతున్న ఇంజన్ ఒక్కసారిగా గొంతు మారుస్తుంది. వేగం పెద్దగా పెరగకపోయినా మీ కాలు మాత్రం పెడల్ మీంచి లేవదు. 270 ఎంత అన్నది కాదు, ఆ 270 దాకా ఎలా వెళ్తామన్నది అసలు సంగతి.

వెనకసీటు

సెన్నా పుణ్యమే, నన్నడిగితే. జపాన్‌లో సుజుకా రేస్ ట్రాక్ మీద లోఫర్ షూస్, తెల్ల సాక్సులు వేసుకుని పెడల్స్ మీద డాన్స్ చేసే ఆ వీడియో లేకపోతే ఈ కారుకి ఇంత పేరు ఎక్కడిది? ఆ వీడియో చూసి ప్రేమలో పడినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది దాని స్టీరింగ్ ముట్టుకుని ఉండరు. నేను కూడా ముట్టుకోలేదు లెండి.

నట్టూబోల్టూ

నా దగ్గర ఒకటుంది, 1991 మాన్యువల్. రిపేర్లు కూడా చాలావరకు నేనే చేసుకుంటాను. రావుగారు అడిగింది మంచి ప్రశ్న, కాకపోతే ఇవాళ్టి కార్ల పక్కన పెట్టి చూస్తే జవాబు దొరకదు, 1990లో నిలబడి చూడాలి.

అప్పట్లో ఇంజన్ మధ్యలో ఉన్న ఖరీదైన కారు కొన్నవాడు కొన్ని బాధలు కూడా కలిపి కొన్నట్టే లెక్క. క్లచ్ తొక్కితే మోకాలు పట్టేసేది, వెనక ఏముందో కనిపించేది కాదు, ఏసీ ఉందంటే ఉంది అన్నట్టు ఉండేది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు వైపే చూస్తూ కూర్చోవాలి. పైగా ఇవన్నీ గొప్పగా చెప్పుకునేవాళ్లు, కష్టపడితేనే సూపర్‌కార్ అన్నట్టు. హోండా లక్ష్యంగా పెట్టుకున్నది ఫెరారీ 328ని, తర్వాత దాని స్థానంలో వచ్చిన 348ని. వాటితో సమానంగా పరిగెత్తాలి, కానీ సివిక్ నడిపినంత హాయిగా నడవాలి అనుకున్నారు. చెప్పడానికి తేలికే. అప్పటిదాకా ఆ పని చేసి చూపించినవాడు లేడు.

ఎలా చేశారంటే, ముందు బరువు మీద పడ్డారు. బాడీ మొత్తం అల్యూమినియం మోనోకాక్, అంటే విడిగా ఛాసిస్ లేకుండా బాడీయే బరువంతా మోసే నిర్మాణం, వరసగా తయారయ్యే కార్లలో అదే మొదటిది. ఆ బాడీ ఒక్కటే 210 కిలోల దగ్గర ఉంటుంది, ఉక్కుతో చేసి ఉంటే ఇంకో 140 కిలోలు ఎక్కేది. సస్పెన్షన్ ఆర్మ్‌లు కూడా అల్యూమినియమే. మొత్తం కారు 1370 కిలోల చుట్టుపక్కల తేలింది, అది కూడా ఏసీ, పవర్ విండోలు, ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ పెట్టుకుని. బరువు తగ్గితే పెద్ద ఇంజన్ అక్కర్లేదు, గట్టి స్ప్రింగులు అక్కర్లేదు, మాన్యువల్ కారులో పవర్ స్టీరింగే అక్కర్లేదనుకున్నారు. అందుకే రోడ్డు మీద చిన్న గతుకు కూడా నేరుగా చేతికి తెలుస్తుంది, అయినా నడుము మాత్రం విరగదు. ఈ రెండూ ఒకే కారులో ఉండటం ఎంత అరుదో నడిపితే గానీ తెలియదు. పార్కింగ్ చేసేటప్పుడు మాత్రం ఆ స్టీరింగ్‌తో కుస్తీ పట్టాలి, అది కూడా చెప్పాలి కదా.

మూలమలుపు

> సెన్నా పుణ్యమే, నన్నడిగితే

వెనకసీటు బ్రో, సగమే నిజం. 1989 ఫిబ్రవరిలో సుజుకాలో ప్రోటోటైప్ నడిపి, బాడీ ఇంకా గట్టిగా ఉండాలన్నట్టు చెప్పింది సెన్నానే. ఆ తర్వాత హోండావాళ్లు కారుని జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లి, నెలల తరబడి అక్కడే తిప్పి, బాడీ దృఢత్వాన్ని దాదాపు 50 శాతం పెంచారు. ఆ నెలల పని చేసింది ఈ కారు తయారీకి నాయకత్వం వహించిన ఇంజనీర్ షిగేరు ఉయెహారా, ఆయన టీము. సతోరు నకజిమా, బాబీ రేహాల్ లాంటి రేసర్ల చేతులు కూడా పడ్డాయి. ప్రపంచ ఛాంపియన్ ఒక మాట అంటే అప్పటికే ఆటో షోలో చూపించిన కారుని మళ్లీ బల్ల మీద పెట్టి విప్పారు చూడు, నాకు గొప్పగా అనిపించేది అదే. చాలా కంపెనీలైతే ఆ ఛాంపియన్‌తో ఫోటో దిగి ఊరుకునేవి.

వెనకసీటు

సరే, ఒప్పుకుంటా కొంతవరకు. కానీ అంత గొప్ప కారైతే కొన్నవాళ్లేరీ? పదిహేనేళ్లు అమ్మినా ప్రపంచం మొత్తం మీద 18 వేల చిల్లర. చివరి సంవత్సరాల్లో అమెరికాలాంటి మార్కెట్లో ఏడాదికి కొన్ని వందలు కూడా కష్టంగా పోయాయి. కొత్తగా షోరూంలో ఉన్నన్నాళ్లూ పట్టించుకోలేదు, ఆగిపోయాక అయ్యో అంటున్నాం. మోజు కారు మీదా, లేక చేజారిపోయింది అన్న బాధ మీదా?

అద్దాలబొమ్మ

ఇంజన్ గురించి మీరంతా చూసుకోండి, నేను ఆకారం గురించి రెండు మాటలు చెప్తాను. ఈ కారు పక్క నుంచి చూస్తే క్యాబిన్ ముందుకి జరిగినట్టు, తోక పొడుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. చాలామందికి మొదట ఆ తోక నచ్చదు. నాకూ అంతే. ఎఫ్-16 ఫైటర్ విమానం కాక్‌పిట్ చూసి గీసుకున్న ఆలోచన అది, పైలట్ ముందు కూర్చుంటాడు, ఇంజన్ వెనక, చుట్టూ గాజు. పైకప్పుకి నల్ల రంగు వేసింది కూడా ఆ విమానం గాజు బుడగ గుర్తు రావాలనే. దీని మూలాలు 1984లో పినిన్‌ఫరీనా హోండా కోసం చేసిన హెచ్‌పీ-ఎక్స్ అనే కాన్సెప్ట్‌లో ఉన్నాయి, కానీ తయారైన కారు దానికంటే చాలా శాంతంగా ఉంటుంది.

లోపల కూర్చుంటే తేడా తెలుస్తుంది. డాష్‌బోర్డు కిందికి వాలి ఉంటుంది, ముందు అద్దం పక్కనున్న పిల్లర్లు సన్నగా ఉంటాయి, ముందు చక్రాల పైనున్న ఫెండర్ల ఉబ్బు కూర్చున్న చోటు నుంచే కనిపిస్తుంది కాబట్టి మలుపులో టైరు ఎక్కడుందో అంచనా వేయక్కర్లేదు, చూస్తూనే పెట్టొచ్చు. ఇప్పటి స్పోర్ట్స్ కార్లలో కూర్చుంటే బంకర్‌లో కూర్చున్నట్టు ఉంటుంది నాకు. సేఫ్టీ రూల్స్ వల్ల పిల్లర్లు లావెక్కక తప్పలేదు, ఎవరినీ అనలేం. కానీ ఆ రూల్స్ ఉన్నంతకాలం ఇలాంటి క్యాబిన్ మళ్లీ రాదు. వెనకసీటు గారు అడిగిన బాధ ఉంది చూడండి, అది ఊరికే వచ్చింది కాదు.

8000ఆర్పీఎం

అక్కా, పాప్-అప్ హెడ్‌లైట్ల సంగతి చెప్పలేదేం? 2002లో అవి తీసేసి ఫిక్స్‌డ్ లైట్లు పెట్టారు. నా దృష్టిలో అది పాపం.

అద్దాలబొమ్మ

గాలికి అడ్డు తగ్గింది, బరువూ తగ్గింది. పాపమేమీ కాదు. లైట్లు లేచి ఉన్నప్పుడు పాత కారు ముఖం కప్పలా ఉంటుందని ఒప్పుకోవడానికి మీకెందుకంత కష్టం?

8000ఆర్పీఎం

కప్పే. అందమైన కప్ప. చర్చ ముగిసింది.

మూలమలుపు

2002 ముఖాన్ని తిట్టేముందు ఆ ఏడాది వచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్‌ని, అంటే బరువు తగ్గించి ట్రాక్ కోసం చేసిన రకాన్ని, గుర్తు పెట్టుకోండి. కాగితం మీద అది కూడా 280 పీఎస్సే (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే), ఎందుకంటే అప్పట్లో జపాన్ కంపెనీలన్నీ తమలో తాము ఒక ఒప్పందం చేసుకుని 280 దాటి చూపించేవి కావు. రేసర్ మోటోహారు కురోసావా దాన్ని నూర్బర్గ్‌రింగ్‌లో 7 నిమిషాల 56 సెకన్లలో తిప్పాడు. ఆ రోజుల్లో అంతకంటే ఎంతో ఎక్కువ పవర్ ఉందని గొప్పలు చెప్పుకునే కార్లకి ఆ టైం చాలా గట్టి పోటీ. రావుగారూ, మీ 270 లెక్కకి ఇది కూడా ఒక జవాబే.

ఇంకో మాట. ఈ కారు గొప్పతనానికి నాకు నచ్చిన సాక్ష్యం సెన్నా కాదు, గోర్డన్ ముర్రే. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కార్ గీస్తున్న రోజుల్లో పోల్చి చూసుకోవడానికి ఆయన ఫెరారీలు, పోర్షేలు, లాంబోర్గినీలు అన్నీ నడిపాడు. ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపాక ఆ కొలబద్దలన్నీ పక్కన పెట్టేశానని ఆయనే రాశాడు. వేగంలో కాదు, ఎఫ్1 దీనికి రెట్టింపు కంటే ఎక్కువ పవర్ ఉన్న బండి. రైడ్ మెత్తగా ఉంటూనే మలుపులో మాట వినడం ఎలా అన్నది దీన్ని చూసి నేర్చుకున్నాడు. ఎఫ్1కి ఇంజన్ చేసిపెట్టమని ముందు హోండానే అడిగాడు కూడా, వాళ్లు కాదన్నారు, ఆ తర్వాతే బీఎండబ్ల్యూ వీ12 వచ్చింది. పైగా తన సొంతానికి ఒక ఎన్‌ఎస్‌ఎక్స్ కొనుక్కుని ఏళ్ల తరబడి నడిపాడు. సొంత డబ్బు పెట్టి కొన్నవాడి మాటకి బరువెక్కువ అని నేననుకుంటాను.

సందేహాలరావు

ముర్రే సంగతి నాకు తెలియదు, బాగుంది. అయినా వెనకసీటు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అంత మంచి కారు ఎందుకు అమ్ముడుపోలేదు?

నట్టూబోల్టూ

నేను చెప్తా, నా కారే అయినా వెనకేసుకురాను.

ఒకటి, బ్యాడ్జి. ఆ డబ్బు పెట్టేవాడికి ఫెరారీ గుర్రం బొమ్మ కావాలి, పక్కింటివాడు కొన్న సివిక్ మీద ఉన్న పేరే తన కారు మీద కూడా ఉంటే మనసొప్పదు. అమెరికాలో ఆక్యూరా పేరుతో అమ్మారు, అదీ పెద్దగా సాయం చేయలేదు. రెండోది అసలైనది, హోండా దాన్ని అలా వదిలేసింది. 1990లో అందరినీ ఉలిక్కిపడేలా చేశారు, ఫెరారీ తేరుకుని 1994లో ఎఫ్355 తెచ్చింది, 380 పీఎస్‌తో. ఆ దెబ్బకి హోండా జవాబు ఏంటి? 1997లో 3.2 లీటర్ల ఇంజన్, ఆరో గేరు. పవర్ పెరిగింది పిసరంత. ధర మాత్రం ఏటా పెరిగింది. అంటే పదేళ్ల తర్వాత షోరూంలోకి వెళ్లినవాడికి పాత కారు, కొత్త రేటు. నేనైనా కొనేవాడిని కాదేమో.

కాకపోతే తమాషా ఏంటంటే, అప్పుడు దాన్ని ముంచిందే ఇప్పుడు తేల్చింది. పవర్ పోటీలో పడలేదు కాబట్టి బరువెక్కలేదు. టర్బో పెట్టలేదు, చక్రాలు బండిచక్రాలంత చేయలేదు, నా కారుకి ముందు 15, వెనక 16 అంగుళాలే. ఈలోగా ప్రపంచంలో మిగతా కార్లన్నీ 1600, 1700 కిలోలకి పెరిగిపోయాయి. మారకుండా ఉన్నచోటే ఉండిపోవడం వల్ల ఇది విడిగా నిలబడింది. దీన్ని హోండా తెలివి అనను, వాళ్ల బద్ధకమో డబ్బు లెక్కో, ఏదైనా మనకి మేలు జరిగింది.

వెనకసీటు

ఇదిగో, ఇలా చెప్తే అర్థమవుతుంది. భజన లేకుండా.

అయితే 2016లో వచ్చిన రెండోదాన్ని ఎందుకు అంతలా ఆడిపోసుకుంటారు మరి? అమెరికాలో ఓహాయోలో కట్టారు, ట్విన్ టర్బో వీ6కి మూడు ఎలక్ట్రిక్ మోటార్లు కలిపి 573 హార్స్‌పవర్. ముందు చక్రాలకి విడివిడిగా రెండు మోటార్లు ఉండి, మలుపులో ఒకదాన్ని తోస్తూ ఇంకోదాన్ని పట్టి ఉంచుతాయి. అప్పటికి ఆ ధరలో అలాంటి టెక్నాలజీ ఇంకెవరిచ్చారు? మొదటిది కూడా తన కాలానికి ముందున్న టెక్నాలజీయే కదా. ఆ లెక్కన రెండోదే అసలు వారసుడు.

8000ఆర్పీఎం

టెక్నాలజీ ఉంది బ్రో, కాదనను. కానీ బరువు 1700 దాటింది, గేర్‌బాక్స్ తొమ్మిది గేర్ల డ్యుయల్ క్లచ్, మాన్యువల్ అసలు లేదు. మొదటిదాంట్లో టెక్నాలజీ అంతా నీకు కనిపించకుండా వెనక ఉండి పనిచేసేది, రెండోదాంట్లో ముందుకొచ్చి కూర్చుంది. 2022లో టైప్ ఎస్ అని 350 చేసి ఆపేశారు.

అద్దాలబొమ్మ

పదేళ్లు ఆగండి, దాని మీద కూడా ఇలాంటి చర్చే పెడతారు. మొదటిదాన్ని 2003లో ఎవరు పొగిడారు?

మూలమలుపు

రేసుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక్క ముక్క. 1995 లె మాన్స్ 24 గంటల రేసులో టీమ్ కునిమిత్సు ఎన్‌ఎస్‌ఎక్స్ జీటీ2 క్లాస్ గెలిచింది. కునిమిత్సు తకహాషి, కెయిచి సుచియా, అకిరా ఈదా నడిపారు. సుచియా అంటే డ్రిఫ్ట్ కింగ్, తెలియనివాళ్లుంటారని చెప్తున్నా. 24 గంటలు, అందులో చాలాభాగం వానలో.

కొత్తగా_వచ్చా

మొత్తం చదివాను, చాలా తెలిసింది. నట్టూబోల్టూ గారూ, ఒక పాత ఎన్‌ఎస్‌ఎక్స్ చూడ్డానికి వెళ్తున్నాను, 1991దే, మాన్యువల్. చూడ్డానికి మెరిసిపోతోంది. ఆటోమేటిక్ ఇంకోటి కూడా ఉంది, అది తక్కువకే ఇస్తామంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చూసుకోవాలి?

నట్టూబోల్టూ

తమ్ముడూ, మెరుపుని నమ్మకు. అల్యూమినియం బాడీకి గుద్దుడు తగిలితే సరిచేయడం అందరివల్లా అయ్యే పని కాదు. ఉక్కు బాడీల మీద వాడిన పనిముట్లే దీనిమీద వాడితే ఆ ఇనుప రజను అంటుకుని తర్వాత అక్కడే తినేస్తుంది. వెల్డింగ్ కూడా వేరే విద్య. నేను ఒకచోట ఇచ్చి చెడగొట్టించుకున్నాను, బయటికి పెయింట్ అద్దంలా ఉంది, లోపల అతుకులు చూస్తే ఏడుపొచ్చింది. కాబట్టి ముందు డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడు, ముందు బానెట్ కింద బోల్టుల తలల మీద పెయింట్ చెదిరిందేమో చూడు, తలుపుల మధ్య సందులు రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో లేదో వేలుతో తడుముతూ చూడు.

తర్వాత గేర్‌బాక్స్. 1991, 92 మాన్యువల్స్‌లో కొన్నింటికి స్నాప్ రింగ్ సమస్య ఉంది. గేర్‌బాక్స్ కేసులో ఒక బేరింగ్‌ని పట్టి ఉంచే రింగు అది. దాన్ని కూర్చోబెట్టే గాడి ఆ బ్యాచ్‌లో కొంచెం వెడల్పుగా కోశారు, ఎప్పుడో ఒకరోజు రింగు విరుగుతుంది, బేరింగు జరిగిపోతుంది, ముక్కలు లోపల తిరుగుతాయి. అన్నింటికీ రాదు, గేర్‌బాక్స్ నంబరుని బట్టి తెలుస్తుంది. నంబరు ఆ వరసలో ఉంటే కేసు మార్చిన బిల్లు చూపించమని అడుగు. బిల్లు లేదంటే ఆ ఖర్చు రేటులోంచి తగ్గించు, మొహమాటపడకు.

ఇంజన్ వాల్వులని సమయానికి నడిపే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడుగు. తక్కువ తిరిగిందండీ అంటారు, బెల్ట్‌కి ఆ లెక్క పట్టదు, వయసుతోనే పోతుంది. తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, 8000 తిరిగే ఇంజన్ పని అక్కడితో సరి. మార్చినప్పుడు వాటర్ పంప్ కూడా కలిపి మార్చారా అన్నది చూడు. ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు కాబట్టి కూలెంట్ గొట్టాలు కారు పొడుగునా పోతాయి, వాటన్నింటినీ ఒకేసారి మార్చినవాడు మంచి ఓనరు అని గుర్తు.

ఏసీ కంట్రోల్ బోర్డులో, ఆడియో ఆంప్లిఫయర్లలో పాత కెపాసిటర్లు కారతాయి. ఏసీ ఇష్టమొచ్చినట్టు వేడి, చల్లన ఊదుతుంటే అదే. భయపడక్కర్లేదు, తెలిసినవాడు ఒక పూటలో టంకం పెట్టేస్తాడు. కిటికీ అద్దాలు ఎక్కేటప్పుడు నీరసంగా ఎక్కితే రెగ్యులేటర్లు. వెనక టైర్ల లోపలి అంచు చెయ్యిపెట్టి చూడు, బయట బాగానే ఉండి లోపల నున్నగా అయిపోయి ఉంటుంది. పాత అలైన్‌మెంట్ లెక్క టైర్లు తినేస్తుందన్న పేరు మొదటినుంచీ ఉంది.

ఆటోమేటిక్ వద్దనను, అది 252 హార్స్‌పవర్, నెమ్మది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగే పనైతే బాగానే ఉంటుంది. కానీ పైన ఎనిమిది వేల గురించి చదివి ఇక్కడిదాకా వచ్చావు కాబట్టి మాన్యువల్ లేకపోతే ఆరు నెలల్లో అమ్మేస్తావు.

8000ఆర్పీఎం

ఆరు నెలలా? మూడు.

సందేహాలరావు

కొత్తగా వచ్చిన తమ్ముడూ, వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్లొచ్చు కదా. కొననులే, పక్కన కూర్చుంటా అంతే. 5800 దగ్గర ఏమవుతుందో ఒకసారి వినాలి.

కొత్తగా_వచ్చా

తప్పకుండా రండి అండీ, రెండే సీట్లు కాబట్టి అమ్మేవాడిని బయట నిలబెడదాం. నట్టూ అన్నా, గేర్‌బాక్స్ నంబరు ఎక్కడుంటుంది? వెనక గాజు ఎత్తితే ఇంకో కవర్ అడ్డం వస్తోంది.

నట్టూబోల్టూ

ఆ కవర్ కూడా ఎత్తు, కింద ఇంజన్ కనిపిస్తుంది. గేర్‌బాక్స్ కేసు మీద నంబరు చెక్కి ఉంటుంది, మురికి పట్టి ఉంటే గుడ్డతో తుడువు, ఇంజన్ చల్లారాకే. ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ఆ వరసలో ఉందో లేదో చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.